చంద్రగిరి దాటని బండి

ఆయన పోయాడని తెలిసిన ఆదివారం మేం రేసు రద్దు చేయలేదు. గౌరవసూచకంగా ఒక గంట ఆలస్యంగా మొదలుపెట్టాం. ఆయన బతికున్న రోజుల్లోనూ రేసు గంట ఆలస్యంగానే మొదలయ్యేది. ఆ ఆలస్యానికి కారణం ఆయనే కాబట్టి, ఈ ఏర్పాటు ఆయనకు నచ్చే ఉండేది.

మనిషి పోయాక అతని మీద కోపం సగానికి తగ్గుతుందని మా ఇంట్లో పెద్దవాళ్ళు అంటుంటారు. నేను నెల రోజులు ఓపిక పట్టి చూశాను. తగ్గడం ఇంకా మొదలు కాలేదు.

రేసు అంటే పెద్దగా ఊహించుకోవద్దు. అరచేతిలో ఇమిడే బ్యాటరీ కార్లు, చేతిలో రిమోటు. దామలచెరువు అవతల ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. కాయల సీజను రెండు మూడు నెలలు. మిగతా ఏడాదంతా దాని సిమెంటు ఆవరణ ఖాళీ. అక్కడ సుద్దతో గీతలు గీసి, పాత సైకిలు టైర్లు అడ్డం పెట్టి, ఆదివారం పొద్దున ఎనిమిది మందిమి చేరతాం. ఆ నేలను ఎన్నిసార్లు కడిగినా ఒక మూల జిగట పోదు. దాన్ని మేం మామిడి మలుపు అంటాం. అక్కడ టైర్లు నేలను గట్టిగా పట్టుకుంటాయి. పెద్ద ఊళ్ళలో ఇలాంటి పట్టు కోసం నేల మీద ఏవేవో మందులు పూస్తారట. మాకు తోతాపురి కాయే చేసిపెట్టింది. నెరిసిన గడ్డాలతో ఎనిమిది మంది మగవాళ్ళం వరసగా గోడకు ఆనుకుని తలలు దించుకుని నిలబడి ఉంటే, దూరం నుంచి చూసినవాళ్ళు ఎవరో పోయారనుకునేవారు. ఈమధ్య అది నిజమైంది.

ఆయనది చిత్తూరులో మిక్సీలు బాగుచేసే అంగడి. అంతకుముందు తిరుపతిలో ఒక మోటారు వైండింగు షాపులో పని. రోజూ పొద్దున ప్యాసింజరు రైల్లో వెళ్ళి, సాయంత్రం ప్యాసింజరు రైల్లో తిరిగొచ్చేవాడు. అలా ముప్పై ఏళ్ళు. ఆయన జీవితం గురించి నాకు తెలిసింది ఇంతే. ఇంకా తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

మూడు గిన్నెల స్టీలు క్యారియరుతో వచ్చేవాడు. పై గిన్నెలో తువాలు చుట్టిన కారు, నడిమి గిన్నెలో స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, అడుగు గిన్నెలో పెరుగన్నం. కారు చక్రాన్ని ఎవరైనా వేలితో ముట్టుకుంటే ఆ వేలి జిడ్డు బరువు ఎంతో చెప్పేవాడు. ఆయన తూకానికి గ్రాములు లేవు. బొరుగులు, అంటే మరమరాలు, ఉండేవి. ఒక ఇరుసునో పళ్ళచక్రాన్నో అరచేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఇది మూడు బొరుగులు ఎక్కువుండాదప్పా," అనేవాడు. ఒకసారి పరీక్షగా నేను నగల అంగడిలో బొరుగులతో తూయించుకొచ్చి మరీ ఆయన చేతిలో పెట్టాను. సరిగ్గా చెప్పాడు. మనిషి మీద నాకు ఇష్టం కలగకపోవడానికి ఇలాంటివి చాలా ఉన్నాయి.

ఆయనకు ఒకటే సిద్ధాంతం. మోటారు తిప్పే ప్రతిదీ, అంటే ఇరుసులు, పళ్ళచక్రాలు, బేరింగులు, తేలికగా ఉండాలి. పైన డబ్బా ఎంత బరువున్నా ఫరవాలేదు, తిరిగేది మాత్రం బరువుండకూడదు. "బరువు మోసేది గాడిద. నువ్వు గాడిదని పరిగెత్తిస్తా ఉండావు," అని కొత్తగా వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. నాకు ఏడేళ్ళ తర్వాత కూడా చెప్పేవాడు.

ఇక ఆయన పరీక్ష. రేసుకు ముందు ఎవరి బండయినా ఆ పరీక్షకు నిలబడాల్సిందే. మోటారు పళ్ళను పక్కకు జరిపి, బోర్లించిన స్టీలు గ్లాసు మీద బండిని తలకిందులుగా పెట్టి, వెనక చక్రాన్ని నడిమి వేలితో ఒక్క గీటు గీటేవాడు. అది తిరుగుతుండగా తాను ముప్పై ఏళ్ళు ప్రయాణం చేసిన దారిలో స్టేషన్ల పేర్లు చదివేవాడు. తన ఊరు దాటి కూడా రైలు పోతుంది కాబట్టి చివరిదాకా చదివేవాడు.

"తిరుపతి. చంద్రగిరి. కోటాల. పానపాకం. పాకాల. పూతలపట్టు. చిత్తూరు. సిద్ధంపల్లి. రామాపురం. బొమ్మసముద్రం. కాట్పాడి."

చక్రం ఆగేసరికి ఆయన నోట ఏ పేరుంటే ఆ బండిది ఆ ఊరు. స్టాపువాచీలు ఉండగా ఇదేమిటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ముప్పై ఏళ్ళు రైల్లో కూర్చున్న మనిషికి ఆ తాళం ఒంట్లోనే ఉంటుందని అందరం నమ్మాం. ఆయన సొంత బండి ప్రతిసారీ కాట్పాడి చేరేది. మునిరత్నం అని మాలో ఒక డ్రిల్లు మాస్టరు ఉన్నాడు, రేసుకు విజిలు ఊదేది అతనే. అతని బండి పాకాల. నన్ను అందరూ చంద్రగిరి సారు అనేవాళ్ళు. తర్వాత తర్వాత మా ఆవిడ కూడా అనడం మొదలుపెట్టింది, అదీ బండికి సంబంధం లేని సందర్భాల్లో.

చంద్రగిరి నా మొదటి ఊరు కాదు. అదే అసలు బాధ. మొదట్లో, అన్నీ స్టీలు ఇరుసులుగా ఉన్నప్పుడు, నాది పాకాల. ఆయన బండిని చేతిలోకి తీసుకుని, "ఇది రేసు బండి కాదప్పా, రోడ్డు రోలరు," అన్నాడు. ఇరుసులు అల్యూమినియంవి వేశాను. పానపాకంలో ఆగింది. "ఇంకా బరువుండాది," అన్నాడు. బేరింగులు చిన్నవి వేసి, లోపలి గ్రీజు కిరోసిన్‌తో కడిగేశాను. కోటాల. "అట్లనే ఉండాది," అన్నాడు. పళ్ళచక్రానికి నాలుగు రంధ్రాలు పెట్టాను. చంద్రగిరి. కష్టపడేకొద్దీ నా బండి తిరుపతిలో ఉన్న మా ఇంటివైపే వస్తోంది. ఇంకొక్క మెట్టు తేలిక చేస్తే తిరుపతి స్టేషన్లోనే నిలబడి ఉండేది.

నేను మెకానికల్ ఇంజనీరింగు చదివి ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తున్నాను. అంటే మన రాష్ట్రంలో మామూలు మెకానికల్ ఇంజనీరునే. అయినా చదివింది చదివిందే కదా, ఇందులో ఏదో తిరకాసు ఉందని అప్పుడే తోచి ఉండాల్సింది. తోచలేదు. నాకు ఒకటే కోరిక. నా బండి మీద ఆయన నోట ఒక్కసారి కాట్పాడి అన్న మాట రావాలి. పెళ్ళై, ఇల్లు కట్టి, ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న మనిషికి ఉండాల్సిన కోరిక కాదని తెలుసు. తెలిసినంత మాత్రాన పోయే రకం కోరిక కాదది.

నాలుగు రంధ్రాల చక్రంతో చంద్రగిరి వచ్చిన ఆదివారం ఆయన్ని సూటిగానే అడిగాను.

"ఇంకేం తీసేయల్ల పెద్దాయనా? ఇంక తీసేదానికి ఏముండాది అందులో?"

ఆయన నా పళ్ళచక్రాన్ని అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూశాడు.

"ఇంకా రెండు బొరుగులుండాది."

"నాలుగు బొక్కలు పెట్టినాను కదా."

"నాలుగు పెట్టినోడికి ఇంకో నాలుగు పెట్టేది రాదా?"

ఇంటికెళ్ళి ఇంకో నాలుగు పెట్టాను. ఆ చక్రం చూడటానికి చిల్లుల గరిటెలా ఉండేది.

మరుసటి ఆదివారం రేసులో నా బండి గీత దగ్గర నుంచి లేచిన తీరు చూసి నాకే భయం వేసింది. రిమోటు మీద వేలు పెట్టీ పెట్టకముందే ముందుంది. మామిడి మలుపు దగ్గర ఆయన బండిని దాటాను. ఏడేళ్ళలో మొదటిసారి. పక్కన నిలబడి ఉన్న ఆయన ఊపిరి మారడం నాకు వినిపించింది. చివరి చుట్టులో అదే మలుపు దగ్గర, టైరు నేలను గట్టిగా పట్టుకున్న చోట, లోపల టప్ మని చిన్న శబ్దం. మోటారు తిరుగుతోంది, చక్రాలు తిరగడం లేదు. ఆయన బండి దాని పక్కనుంచి, తొందరేమీ లేకుండా, వెళ్ళిపోయింది.

బండి విప్పితే పళ్ళచక్రం రెండు ముక్కలు. ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి చీలింది. ఆయన వచ్చి ఆ ముక్కల్ని అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఇంతగా తొలవమని ఎవురు సెప్పినారప్పా నీకు?"

అని పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. ఏడేళ్ళలో ఆయన నవ్వగా చూడటం కూడా అదే మొదటిసారి. మునిరత్నం ఫోటో తీశాడు. అతను అన్నీ తీస్తాడు. ఫోటోలు, వీడియోలు, మేం టీ తాగడం కూడా. అన్నీ మా వాట్సాప్ గ్రూపులో పడేస్తాడు. ఎవరూ చూడరు.

ఆ వారం ఆఫీసులో భోజనం వేళ నేను చూశాను. నా బండి ఎక్కడ తప్పు చేసిందో చూద్దామని మొదలుపెట్టి, అంతకుముందు ఆదివారం పరీక్ష వీడియోలదాకా వెళ్ళాను. నాలుగు రంధ్రాల నాటివి. ఆయన నా చక్రాన్ని గీటాడు. "తిరుపతి," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. కళ్ళజోడు తీసి తువాలుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "చంద్రగిరి," అన్నాడు. చక్రం ఆగింది. వీడియో అడుగున అంకెలు చూశాను. ఆరు సెకన్లు.

తర్వాతి వీడియో ఆయన బండిది. తిరుపతిచంద్రగిరికోటాలపానపాకం అంటూ మొదలైంది, సీటు కోసం పరిగెత్తే మనిషిలా. కాట్పాడి దగ్గర చక్రం ఆగింది. ఆరు సెకన్లు.

పెరుగన్నం పక్కన పెట్టి మళ్ళీ మళ్ళీ చూశాను. ఆరు, ఆరు. అప్పుడు, ఇరవై ఏళ్ళు ఆలస్యంగా, కాలేజీలో చదివింది గుర్తొచ్చింది. బరువైన చక్రాన్ని తిప్పి వదిలితే చాలాసేపు తిరుగుతుంది. తేలికైనది తొందరగా ఆగిపోతుంది. మా అవ్వ ఇసుర్రాయి చెయ్యి తీసేసినా ఇంకో చుట్టు తిరిగేది, బరువు కాబట్టి. అదే తేలికది తొందరగా ఆగినట్టే తొందరగా కదులుతుంది కూడా. రేసులో కావాల్సింది అదే. అంటే నా బండి పాకాల నుంచి చంద్రగిరికి వెనక్కి రాలేదు, ప్రతిసారీ మెరుగైంది. నాలుగు రంధ్రాలకే ఆయన బండితో సమానమైంది. కాట్పాడి చేరే బండి నిజంగా ఉంటే అది రోడ్డు రోలరే. ఈ సంగతి రాసి నేను పరీక్షలో మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆయన రాయలేదు కానీ, జీవితమంతా మిక్సీ మోటార్లు తిప్పి చూసిన మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది?

సెలవు పెట్టి చిత్తూరు వెళ్ళాను. అంగడిలో చుట్టూ మూతల్లేని మిక్సీ జార్లు, మధ్యలో ఆయన. వెనకే ఇల్లు. తెర అవతల ఆయన భార్య ఏదో తాలింపు పెడుతోంది. ఫోను ఆయన ముందు పెట్టి రెండు వీడియోలూ చూపించాను. శ్రద్ధగా చూశాడు.

"ఈ ఫోను ఎవురిది?"

"వీడియో మునిరత్నం తీసింది. ఫోను నాది."

"బాగుండాది. అక్షరాలు పెద్దగా కనిపిస్తాండాయి."

"రెండూ ఆరు సెకన్లే తిరిగినాయి పెద్దాయనా. నాది చంద్రగిరి, మీది కాట్పాడి ఎట్లయింది?"

ఆయన ఒక జారు అడుగున బ్లేడు బిగించి, వేలితో తిప్పి చూసి, పక్కన పెట్టాడు.

"నాది ఎక్స్‌ప్రెస్సు. నీది ప్యాసింజరు. ప్యాసింజరు ప్రతి స్టేషన్లో నిలబడల్ల కదప్పా."

తెర అవతల తాలింపు గరిటె ఒక్క క్షణం ఆగింది. నేను నవ్వలేదు. నవ్వు వచ్చింది, అది వేరే సంగతి.

"నాలుగు బొక్కలకే నా బండి మీ బండికి సమానమైంది. మీకు తెలుసు. ఆ పొద్దే సాలు అనుంటే చక్రం పగిలుండేది కాదు. నేను గెలిసుండేవాణ్ణి."

"సాలు అనుంటే నువ్వు ఆడనే నిలబడిపోయుంటావు."

నేను బయటికి చెప్పింది ఈ ఒక్క మాటే, దీన్ని పట్టుకుని మునిరత్నం ఇప్పటికీ కన్నీళ్ళు పెట్టుకుంటాడు. గురువంటే అట్లా ఉండల్ల సార్, శిష్యుడికి సాలు అని ఎప్పుడూ సెప్పకూడదు అంటాడు. నేనూ ఆలోచించాను. కానీ మునిరత్నం ఆ ఫోటో తీశాడే గానీ సరిగ్గా చూడలేదు. శిష్యుడి చక్రం పగిలితే ఏ గురువూ అన్ని పళ్ళు బయటపెట్టడు.

ఆ తర్వాత కూడా ఆదివారాలు ఆయన అలాగే గీటాడు, అలాగే చదివాడు. నేను నాలుగు రంధ్రాల చక్రంతోనే సరిపెట్టుకున్నాను. వీడియోల సంగతి ఎవరికీ చెప్పలేదు. నలుగురిలో, ఆయన నోటితోనే, ఒకసారి అందరి బండ్లనూ ఒకే తాళంలో చదివించాలని నా ఆలోచన. దానికి తగిన ఆదివారం కోసం చూస్తుండగానే ఆయన పోయాడు. నిద్రలో, ఏ ఇబ్బందీ లేకుండా. అది కూడా ఆయనకు తేలికగానే జరిగింది.

పెద్దకర్మకు ఎనిమిది మందిలో మిగిలిన ఏడుగురమూ వెళ్ళాం. మా వైపు పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఫోటో ముందు పెడతారు. మురుకులు, పెరుగన్నం, ముక్కుపొడి డబ్బీ పెట్టారు. వాటి మధ్య, బోర్లించిన స్టీలు గ్లాసు మీద, ఆయన కారు తలకిందులుగా ఉంది. పైన పూలమాల వేసిన ఫోటోలో ఆయన నవ్వుతున్నాడు. ఎక్కడో చూసిన నవ్వే. కాసేపటికి గుర్తుపట్టాను. మునిరత్నం తీసిన ఫోటోనే, భుజాల దగ్గరికి కత్తిరించి పెద్దది చేయించారు. కత్తిరించిన కింది భాగంలో, ఆయన అరచేతిలో, నా చక్రం ముక్కలు ఉండాలి. ఆయన నవ్విన ఫోటో ఇంట్లో ఇంకొకటి లేదట.

భోజనాలకు ఆకులు వేయబోతుండగా ఆయన భార్య మా దగ్గరికి వచ్చింది.

"ఆ చక్రం ఒకసారి తిప్పండి నాయనా. ఆయనుంటే తిప్పకుండా అన్నానికి కూసునేవాడు కాదు. కాట్పాడి దాకా పోనీండి."

మునిరత్నం ముందుకొచ్చాడు. గీటాడు. తిరుపతి, చంద్రగిరి, కోటాల అన్నాడు, ఆ తర్వాత ఏడుపు వచ్చి పాకాలకు దూకాడు, తన ఊరు కాబట్టి. అక్కడ ఆగిపోయి, "సారుకు తెలుసమ్మా, అన్నీ వరసగా తెలుసు," అన్నాడు. నిజమే. ఏడేళ్ళు కోపంతో విన్నది మరిచిపోవడం కష్టం.

గ్లాసు ముందు కూర్చున్నాను. ఇంటి నిండా బంధువులు. నేను కోరుకున్న ఆదివారం ఇదే, వారం మాత్రం బుధవారం. గీటి, ఆయన మామూలుగా మునిరత్నం బండికి చదివే తాళంలో, ఒక్కో పేరుకూ ఒక్కో ఊపిరి ఇచ్చి చదివాను. తిరుపతి. చంద్రగిరి. కోటాల. పానపాకం. చక్రం ఆగింది.

వెనకనుంచి ఒక పెద్దమనిషి గొంతు వినిపించింది.

"ఏమప్పా, మా బావ బండి కాట్పాడి దాకా పొయ్యేది కదా?"

మునిరత్నం నా చెవి దగ్గరికి వంగాడు. "సచ్చిపోయినాయన మీద కూడా ఏంది సార్ మీకు?"

చెప్పడానికి నోరు తెరిచాను. అది పానపాకంలో ఆగిందంటే ఎంత తేలికో చూడండి, ఈ రెండు ఊళ్ళలో ఇంత తేలికగా తిరిగే బండిని ఇంకెవరూ చేయలేదు, ఇంతకంటే పెద్ద పొగడ్త నా దగ్గర లేదు అని చెప్పాలి. అది అర్థం కావాలంటే ఇసుర్రాయి నుంచి మొదలుపెట్టాలి. ఇసుర్రాయి నుంచి మొదలుపెడితే, ఏడేళ్ళుగా ఆయన చదివిన కాట్పాడి ఏమిటన్న దగ్గర ముగించాలి. నా దగ్గర వీడియోలు ఇంకా ఉన్నాయి. ఫోను జేబులోనే ఉంది.

ఆమె నా పక్కన కూర్చుంది. గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినిపించేలా అంది.

"అది మీ బండ్లకు సెప్పే తీరు నాయనా. ఆయన సొంత బండికి సెప్పినట్టు సెప్పు."

నేను ఆమె వైపు చూశాను. ఆమె చక్రం వైపు చూస్తోంది.

మళ్ళీ గీటాను. తిరుపతిచంద్రగిరికోటాలపానపాకంపాకాల అంటూ పరిగెత్తాను. పూతలపట్టు దగ్గర ఊపిరి అయిపోయింది, తీసుకోలేదు. చిత్తూరులో ఆగలేదు. సిద్ధంపల్లి, రామాపురం ఒకే మాటగా దాటించాను.

"కాట్పాడి," అన్నాను.

వెనక పెద్దమనిషి "ఆ," అని తృప్తిగా అన్నాడు. ఎవరో ఆకులు వేయమని కేక వేశారు. చక్రం బొమ్మసముద్రంలోనే ఆగిపోయిందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఫోటోలో ఆయన మాత్రం పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు.